డిలీట్ అయిన ఫొటోలు తిరిగొస్తాయా? అంతా డిస్కు చెప్పే ఒక్క జవాబులోనే ఉంది

పెళ్లి ఫొటోల ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయిపోయింది. ఆ తొందరలో రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశారు. ఇలాంటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "ఏం కంగారు లేదు, రికవరీ సాఫ్ట్‌వేర్ ఉంది, మొత్తం వెనక్కి తెప్పించొచ్చు" అని ధైర్యం చెబుతారు. పాత హార్డ్ డిస్కుల కాలంలో ఆ ధైర్యానికి అర్థం ఉండేది. ఇప్పుడు ఆ మాట నమ్మి కూర్చోవడానికి లేదు. తప్పు ఒక్కటే, పోయిన ఫోల్డర్ ఒక్కటే. కానీ ఒక కంప్యూటర్లో దాదాపు అన్నీ తిరిగొస్తాయి, ఇంకో కంప్యూటర్లో ఒక్క ఫొటో కూడా రాదు.

రికవరీ షాపులో పనిచేసే కుర్రాడి తెలివితేటలకూ దీనికీ పెద్దగా సంబంధం లేదు. కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే విండోస్ గానీ, లైనక్స్ గానీ, మ్యాక్ గానీ లోపలున్న డిస్కును ఒక ప్రశ్న అడుగుతుంది. "ఫలానా చోటు నాకు ఇక అక్కర్లేదు అని చెబితే నీకు అర్థమవుతుందా?" డిస్కు అవునంటే ఒక కథ, కాదంటే ఇంకో కథ. డిస్కు అవునన్నా ఆ మాట కంప్యూటర్ దాకా చేరకపోతే అది మూడో కథ. ఇళ్లలో వాడే యూఎస్‌బీ డబ్బాల్లో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే.

రిజిస్టర్లో కొట్టేశారు, గోడౌన్‌లో సరుకు అలాగే ఉంది

ఫైల్ డిలీట్ చేయడం అంటే డేటాను చెరిపేయడం కాదు. డిస్కు ఒక గోడౌన్ అనుకుంటే, ఫైల్ సిస్టం దాని స్టాక్ రిజిస్టర్. డిలీట్ నొక్కితే రిజిస్టర్లో ఆ పద్దును కొట్టేస్తారు, అంతే. సరుకు మాత్రం గోడౌన్‌లో పెట్టిన చోటే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ చేసే పని కూడా ఇదే: రిజిస్టర్ పక్కన పెట్టి, గోడౌన్‌లోకి వెళ్లి ర్యాకులన్నీ వెతకడం.

పాత హార్డ్ డిస్కుకు ఈ పద్ధతితో ఏ ఇబ్బందీ లేదు. కొత్త సరుకు వస్తే పాతదాని మీదే రాసేస్తుంది. ఎస్ఎస్‌డీ అలా చేయలేదు. అందులో ఉండేది ఫ్లాష్ చిప్పులు. వాటిలో రాయడం పేజీల లెక్కన జరుగుతుంది. ఒక పేజీ మామూలుగా 4 నుంచి 16 కేబీ ఉంటుంది. చెరపడం మాత్రం వందల పేజీలు కలిసిన ఒక బ్లాకు మొత్తాన్ని ఒకేసారి. అది కొన్ని ఎంబీల సైజు. పైగా ఒక్కో బ్లాకును ఇన్నిసార్లే చెరపగలం అనే పరిమితి ఉంది.

అందుకని ఎస్ఎస్‌డీ లోపల ఎప్పుడూ సర్దుడు పని నడుస్తూ ఉంటుంది. ఒక బ్లాకును ఖాళీ చేయాలంటే అందులో పనికొచ్చే పేజీలను ముందు వేరే చోటికి మార్చి, తర్వాత బ్లాకు మొత్తం చెరపాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. ఏవి పనికొచ్చేవో డిస్కుకు తెలియదు. రిజిస్టర్ ఉన్నది ఆపరేటింగ్ సిస్టం దగ్గర. నిరుడు డిలీట్ చేసిన సినిమాను కూడా ఎస్ఎస్‌డీ భద్రంగా ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు మోస్తూనే ఉంటుంది. ఎవరికీ అక్కర్లేని సరుకుకు హమాలీ కూలి కట్టినట్టు. ఫలితం ఏమిటంటే, రాసే వేగం పడిపోతుంది, చిప్పుల ఆయుష్షు ఖర్చవుతుంది. కొత్తలో రెప్పపాటులో తెరుచుకున్న లాప్‌టాప్ కొన్నాళ్లకు మొండికేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

దీనికి మందు, గోడౌన్ మనిషికి కూడా విషయం చెప్పడమే. సాటా డిస్కుల భాషలో ఈ మాటను 'ట్రిమ్' అంటారు. స్కజీ భాషలో 'అన్‌మ్యాప్', ఎన్‌వీఎంఈ భాషలో 'డీఅలొకేట్'. లైనక్స్ వాళ్లు అన్నిటినీ కలిపి 'డిస్కార్డ్' అని పిలుస్తారు. పేర్లు నాలుగు, అర్థం మాత్రం ఒక్కటే: "ఈ నంబరు నుంచి ఇన్ని గడులు నాకు అక్కర్లేదు, నీ ఇష్టం." సాటా ట్రిమ్‌లో ఒక్కో పద్దు 8 బైట్లు. మొదలయ్యే నంబరు, ఎన్ని గడులు అనే లెక్క, ఈ రెండే అందులో ఉంటాయి. 512 బైట్ల కాగితం మీద అలాంటివి 64 పద్దులు పడతాయి.

మరి నేరుగా చెప్పేయొచ్చు కదా, ముందుగా అడగడం ఎందుకు? ఎందుకంటే ఈ భాష రాని డిస్కుకు ఈ ఆదేశం పంపితే అది ఎర్రర్ చెప్పి ఊరుకోవచ్చు, తికమకపడి ఆగిపోనూవచ్చు. వచ్చీరాని భాషతో తప్పుగా అర్థం చేసుకుంటే ఇంకా ప్రమాదం. చదవడంలో తప్పు జరిగితే మళ్లీ చదవొచ్చు. పారేయమనే ఆదేశంలో తప్పు జరిగితే పారేసింది మళ్లీ రాదు. అందుకే డిస్కు తన నోటితో అవును అనేదాకా ఆపరేటింగ్ సిస్టం ఈ మాట ఎత్తదు.

256 గడుల కేవైసీ ఫారం

సాటా డిస్కును గుర్తించేటప్పుడు కంప్యూటర్ 'ఐడెంటిఫై డివైస్' అనే ఆదేశం పంపుతుంది. జవాబుగా డిస్కు 512 బైట్ల సమాచారం ఇస్తుంది. బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు నింపే కేవైసీ ఫారం లాంటిదే ఇది. 0 నుంచి 255 వరకు మొత్తం 256 గడులు, ఒక్కో గడిలో 16 బిట్లు. మోడల్ పేరు, సీరియల్ నంబరు, సైజు, ఏయే ఆదేశాలు తెలుసు, అన్నీ అందులోనే.

మనకు కావలసింది 169వ గడి. అందులో అన్నిటికన్నా చివరి బిట్ 1 అయితే డిస్కుకు ట్రిమ్ తెలుసు. 0 అయితే తెలియదు. ఇంత పెద్ద వ్యవహారం ఒక్క బిట్ మీద నిలబడి ఉందంటే నవ్వొస్తుంది గానీ, నిజంగా అంతే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ ఉన్నట్టే కదా" అనుకుంటారు. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు. డిస్కు లోపల ప్లేటు తిరుగుతుందా లేదా అన్నది 217వ గడిలో ఉంటుంది. హార్డ్ డిస్కు అయితే అక్కడ నిమిషానికి ఎన్ని చుట్లో, 5400 అనో 7200 అనో చెబుతుంది. ఎస్ఎస్‌డీ అయితే 1 అని ఉంటుంది. ఈ గడి చూసి ట్రిమ్ సంగతి ఊహించకూడదు. 2008లో వచ్చిన ఇంటెల్ ఎక్స్25-ఎం మొదటి తరం డిస్కు పక్కా ఎస్ఎస్‌డీనే, దానికి మాత్రం ట్రిమ్ ఎప్పటికీ రాలేదు. మరుసటి ఏడాది వచ్చిన రెండో తరానికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ద్వారా ఇచ్చారు. అటువైపు చూస్తే, ట్రాకులను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పి రాసే ఎస్ఎంఆర్ హార్డ్ డిస్కుల్లో కొన్ని, ప్లేట్లు గిరగిరా తిరుగుతున్నా సరే, ట్రిమ్ తెలుసు అని చెబుతాయి. వాటికీ లోపల సర్దుడు పని ఉంటుంది మరి.

విండోస్ కూడా ఈ రెండు ప్రశ్నలను వేరుగానే ఉంచుకుంటుంది. 'చదవడానికి వెతుకులాట సమయం పడుతుందా' అన్నది ఒకటి, 'ట్రిమ్ ఉందా' అన్నది ఇంకొకటి. డిఫ్రాగ్ చేయాలా వద్దా అనే నిర్ణయానికి మొదటిది పనికొస్తుంది. రెండోది మన ఫొటోల సంగతి తేలుస్తుంది.

ఫారంలో 69వ గడి కూడా చూడదగ్గదే. ట్రిమ్ చేసిన చోటును మళ్లీ చదివితే ఏం కనిపిస్తుంది అన్నది అక్కడి రెండు బిట్లు చెబుతాయి. ఒకటి, ఎన్నిసార్లు చదివినా ఒకే జవాబు ఇస్తాను అనే హామీ. రెండోది ఇంకా గట్టి హామీ: సున్నాలే ఇస్తాను అని. రికవరీ ఆశ మీద నీళ్లు చల్లేది ఈ రెండో హామీనే. చిప్పులో కరెంటు గుర్తులు ఇంకా చెరగకపోయినా, డిస్కు వాటిని బయటికి చూపించదు. అడిగిన ప్రతిసారీ సున్నాలు చేతిలో పెడుతుంది.

ఎన్‌వీఎంఈ డిస్కుల్లో, అంటే కొత్త లాప్‌టాప్‌లలో ఉండే సన్నని పట్టీ లాంటి వాటిలో, పద్ధతి ఇదే గానీ ఫారం వేరు. అక్కడ కంట్రోలర్ ఇచ్చే గుర్తింపు కాగితంలో 'ఐచ్ఛిక ఆదేశాల' గడి ఒకటుంది. అందులో మూడో బిట్ చూస్తే సరిపోతుంది. స్మార్ట్‌ఫోన్లలో ఇఎంఎంసీ చిప్ తన సొంత 512 బైట్ల రిజిస్టర్లో ఈ సంగతి చెబుతుంది. కొత్త ఫోన్లలోని యూఎఫ్ఎస్ చిప్ మాట్లాడేది స్కజీ భాషే. ఆండ్రాయిడ్‌లో ఈ ఏర్పాటు 4.3 వెర్షన్‌తో 2013లో వచ్చింది. ఫోన్ పనిలేకుండా చార్జింగ్‌లో ఉన్నప్పుడు తనంతట తానే ఈ పని ముగించుకుంటుంది.

ఆపరేటింగ్ సిస్టంలు ఈ ప్రశ్న అడగడం నేర్చుకున్నది కూడా మరీ పాతకాలం ముచ్చట కాదు. విండోస్ 7 2009లో నేర్చుకుంది. లైనక్స్‌లో సాటా డిస్కులకు 2010లో 2.6.33 కెర్నల్‌తో వచ్చింది. ఆపిల్ దారి వేరు. మొదట తన బ్రాండ్ ఎస్ఎస్‌డీలకే ట్రిమ్ పంపింది. 169వ గడిలో అవును అని స్పష్టంగా ఉన్నా, బయటి కంపెనీ డిస్కు అయితే పట్టించుకోలేదు. 2015 జూన్‌లో 10.10.4 వెర్షన్‌తో 'ట్రిమ్‌ఫోర్స్' అనే కమాండ్ ఇచ్చింది. అది కూడా "డేటా పోతే మాది బాధ్యత కాదు" అనే పొడవాటి హెచ్చరికతో. వినడానికి దురుసుగా ఉన్నా, ఆ జాగ్రత్త పూర్తిగా అనవసరమని చెప్పలేం. ఎందుకో కింద చూద్దాం.

మధ్యలో దుబాసీ

పాత లాప్‌టాప్‌కు ప్రాణం పోయాలంటే హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించడం ఇప్పుడు మామూలైపోయింది. లాప్‌టాప్ పూర్తిగా పాడైతే అందులోని ఎస్ఎస్‌డీని తీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంటి ఫొటోలన్నీ అందులో దాచుకుంటారు. డిస్కు మారలేదు. 169వ గడిలో 1 అలాగే ఉంది. అయినా ట్రిమ్ ఆగిపోవచ్చు.

కారణం ఆ డబ్బాలో ఉన్న చిన్న చిప్. డిస్కు మాట్లాడేది సాటా భాష. యూఎస్‌బీ తీగ మీద కంప్యూటర్ మాట్లాడేది స్కజీ భాష. ఈ రెంటికీ నడుమ ఆ చిప్ దుబాసీ. ఉర్దూ తప్ప రాని తాతకు, తెలుగు తప్ప రాని ఆఫీసు గుమాస్తాకు మధ్య కూర్చున్న మనిషిలాంటిది. మామూలు మాటలన్నీ చక్కగా అనువదిస్తుంది: చదువు, రాయి, సైజెంత. కానీ ఒక కొత్త మాట దాని నిఘంటువులో లేకపోతే? తాతకు ఆ సంగతి తెలిసినా గుమాస్తాకు చేరదు. గుమాస్తా "వీరికి తెలియదు" అని ఫైల్లో రాసుకుంటాడు.

స్కజీ భాషలో ఈ ప్రశ్న ఒక్క గడితో తేలదు కూడా. లైనక్స్ ముందుగా డిస్కు సైజు అడిగే పెద్ద ఆదేశానికి వచ్చిన జవాబు చూస్తుంది. అందులో ఒక బిట్, "నా గడులను ఖాళీగా గుర్తించే ఏర్పాటు నాలో ఉంది" అని చెప్పాలి. అది ఉంటేనే రెండు అదనపు పేజీలు తిరగేస్తుంది. ఒక పేజీలో ఒకేసారి ఎన్ని గడులు పారేయమని చెప్పొచ్చు అనే పరిమితి ఉంటుంది. ఇంకో పేజీలో ఏ ఆదేశం వాడాలి, అన్‌మ్యాపా లేక దానికి బదులుగా 'రైట్ సేమ్' అనేదా, అన్న వివరం ఉంటుంది. మూడూ సరిపోతే పని జరుగుతుంది. మొదటి బిట్ దగ్గరే సున్నా వస్తే కథ అక్కడితో ముగుస్తుంది.

చవక డబ్బాల చిప్పులు కొన్నింటికి అన్‌మ్యాప్ ఆదేశం నిజంగా తెలుసు, ట్రిమ్‌గా అనువదించగలవు కూడా. అయినా అడిగినప్పుడు ఆ మొదటి బిట్ వేయరు. తెలిసినవాడే తెలియదన్నట్టు. ఇంకొన్ని చిప్పులైతే ఆ అదనపు పేజీలు అడిగితేనే బిగుసుకుపోతాయి, డిస్కును ఊడదీసి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. ఇలాంటి అనుభవాలు చాలా అయ్యాక లైనక్స్ కెర్నల్ రాసేవాళ్లు పాత పద్ధతి యూఎస్‌బీ స్టోరేజ్ మీద ఆ పేజీలు అడగడమే మానేశారు. యూఏఎస్‌పీ అనే కొత్త పద్ధతిలో నడిచే డబ్బాలతో పరిస్థితి మెరుగు. కొనేటప్పుడు అట్ట మీద ఆ నాలుగక్షరాలు ఉన్నాయో లేదో చూడటం అందుకే. అవి ఉన్నంత మాత్రాన ట్రిమ్ గ్యారంటీ అని కాదు, అవకాశం పెరుగుతుంది. విండోస్‌లో అన్‌మ్యాప్ భాష విండోస్ 8 నుంచే ఉంది. విండోస్ 7కు సాటా ట్రిమ్ తప్ప వేరేది రాదు.

లైనక్స్‌లో ఒక దొడ్డిదారి ఉంది. 'ప్రొవిజనింగ్ మోడ్' అనే చిన్న ఫైల్లో 'అన్‌మ్యాప్' అని మనమే రాసేస్తే, డిస్కు కాదన్నా కెర్నల్ అవుననుకుని ఆదేశం పంపుతుంది. చాలామంది ఇలా చేసి సుఖంగానే ఉన్నారు. అయినా ఇంటి ఫొటోలు ఒకే ఒక్క కాపీ ఉన్న డిస్కు మీద ఈ ప్రయోగం చేయడం తెలివైన పని కాదు. దుబాసీ ఆ ఆదేశంలోని నంబర్లను తప్పుగా అనువదిస్తే, పారేయమన్నది ఒకటి, పారేసేది మరొకటి అవుతుంది.

దుబాసీలు డబ్బాలోనే కాదు, కంప్యూటర్ లోపల కూడా ఉంటారు. ఎన్‌క్రిప్షన్ పొర, రెండు మూడు డిస్కులను కలిపే రెయిడ్ పొర లాంటివి. ఫైల్ సిస్టం చెప్పే మాట ఈ పొరలన్నీ దాటితేనే డిస్కుకు అందుతుంది. లైనక్స్‌లోని ఎన్‌క్రిప్షన్ మామూలుగా డిస్కార్డ్‌ను కిందికి పంపదు, అనుమతి ఇస్తేనే పంపుతుంది. ఏ చోట్లు ఖాళీయో బయటివాళ్లకు తెలిసిపోతుందన్నది దాని భయం.

అవును అన్నవాళ్లందరూ నిజం చెప్పినట్టు కాదు

ఇంతవరకు తెలిసి కూడా తెలియదన్న వాళ్ల సంగతి. తెలుసు అని చెప్పి తప్పు చేసేవాళ్లు ఇంకా ప్రమాదకరం. లైనక్స్ కెర్నల్లో ఇలాంటి డిస్కుల జాబితా ఒకటి మోడల్ పేర్లతో సహా ఉంది. సూపర్‌ఎస్‌స్పీడ్ ఎస్238 అనే డిస్కు ఫారంలో ట్రిమ్ తెలుసనే చెబుతుంది. కెర్నల్ మాత్రం ఆ పేరు కనిపించగానే "నీకు ట్రిమ్ పంపను" అని నిర్ణయించుకుంటుంది. శాంసంగ్, మైక్రాన్, క్రూషల్ డిస్కుల్లో కొన్ని మోడళ్లకు మామూలు ట్రిమ్ పంపుతుంది గానీ, ఇతర పనులతో కలిపి వరుసలో పెట్టి పంపే 'క్యూడ్ ట్రిమ్' మాత్రం పంపదు. 'సున్నాలే ఇస్తాను' అనే ఆ 69వ గడి హామీ విషయంలోనూ అంతే. ఫారంలో ఉన్నంత మాత్రాన కెర్నల్ నమ్మదు. ఇంటెల్, మైక్రాన్, శాంసంగ్ వంటి కొన్ని పేర్లు రాసుకున్న జాబితాలో ఉంటేనే ఆ మాటను లెక్కలోకి తీసుకుంటుంది. ఫారం చూసి సంతకం పెట్టే మేనేజర్ కాదు, ఫారం చూశాక పాత ఫైళ్లు కూడా తిరగేసే మేనేజర్ అన్నమాట.

అయితే నింద ఎప్పుడూ డిస్కు మీద వేయడం కూడా న్యాయం కాదు. 2015లో అల్గోలియా అనే సెర్చ్ కంపెనీ సర్వర్లలో ఫైళ్ల మధ్యలో 512 బైట్ల చొప్పున డేటా మాయమై సున్నాలు కనిపించసాగాయి. వారాల తరబడి వెతికి, ట్రిమ్ దగ్గరే తేడా ఉందని తేల్చారు. శాంసంగ్ ఎస్ఎస్‌డీలదే తప్పని అనుకున్నారు, ఆ సంగతి లోకమంతా పాకింది. శాంసంగ్ ఇంజనీర్లు అదే పరిస్థితిని తమ దగ్గర సృష్టించి చూస్తే తప్పు డిస్కులో లేదు. లైనక్స్ కెర్నల్లో రెయిడ్ పొర, ఒక పెద్ద డిస్కార్డ్ ఆదేశాన్ని ముక్కలు చేసి పంచేటప్పుడు తప్పు చేస్తోంది. జులైలో దానికి మరమ్మతు వచ్చింది. డిస్కు తనకు చెప్పింది చెప్పినట్టే చేసింది. చెప్పినవాడిదే తప్పు.

మన కంప్యూటర్లో పరిస్థితి ఎలా తెలుసుకోవాలి

విండోస్‌లో స్టార్ట్ మెనూలో 'డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్' అని వెతికితే ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఒక్కో డ్రైవు ఎదురుగా సాలిడ్ స్టేట్ డ్రైవా, హార్డ్ డిస్క్ డ్రైవా అని ఉంటుంది. డబ్బాలో పెట్టిన ఎస్ఎస్‌డీ ఎదురుగా హార్డ్ డిస్క్ అని కనిపిస్తే దుబాసీ తన పని సరిగ్గా చేయడం లేదని గట్టిగా అనుమానించొచ్చు.

ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పే చిట్కా వేరు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎఫ్ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిజేబుల్‌డిలీట్‌నోటిఫై' అని కొట్టమంటారు. సున్నా వస్తే ట్రిమ్ ఉన్నట్టే అంటారు. ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. సెట్టింగ్ పేరే 'ఆపేయి' అని ఉంది కాబట్టి సున్నా అంటే ఆపలేదు అని అర్థం. అసలు మెలిక రెండోది: ఇది విండోస్ వైపు స్విచ్ మాత్రమే. విండోస్ చెప్పడానికి సిద్ధంగా ఉంది అంటుంది, అంతే. వినేవాడు ఉన్నాడో లేదో ఇది చెప్పదు. ట్రిమ్ రాని డిస్కు పెట్టినా ఇక్కడ సున్నానే వస్తుంది. ఇది చూసి నిశ్చింతగా ఉండటం, ఫోన్ మన చేతిలో ఉంది కాబట్టి అవతలివాళ్లు ఎత్తినట్టే అనుకోవడం లాంటిది.

నికరమైన పరీక్ష కావాలంటే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ డ్రైవు అక్షరం ఇచ్చి 'ఆప్టిమైజ్-వాల్యూమ్' కమాండ్‌ను 'రీట్రిమ్' అనే మాటతో నడపాలి. ట్రిమ్ వెళ్లే డ్రైవు అయితే పని పూర్తిచేసి లెక్క చెబుతుంది. వెళ్లకపోతే, ఈ డ్రైవు వెనకున్న హార్డ్‌వేర్‌కు ఈ పని రాదు అనే అర్థం వచ్చే ఎర్రర్ వస్తుంది.

లైనక్స్ వాడేవాళ్లకు ఇది ఇంకా తేలిక. టెర్మినల్లో 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కమాండ్‌కు పెద్ద 'డీ' జోడించి కొడితే డిస్కులన్నీ వరుసగా వస్తాయి. 'డిస్క్-గ్రాన్', 'డిస్క్-మ్యాక్స్' అనే రెండు వరుసల్లో సున్నాలుంటే ఆ డిస్కుకు డిస్కార్డ్ పోదు. అంకెలుంటే పోతుంది. మ్యాక్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి డిస్కు వివరాలు తెరిస్తే 'ట్రిమ్ సపోర్ట్' ఎదురుగా ఎస్ లేదా నో అని నేరుగా ఉంటుంది. 

మళ్లీ పెళ్లి ఫొటోల దగ్గరికి

పొరపాటు జరిగింది లాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలో, అదీ విండోస్‌లో అయితే ఆశ తక్కువే. రీసైకిల్ బిన్‌లో ఉన్నంతసేపు ఫైల్ నిజంగా డిలీట్ కాలేదు కాబట్టి ఏ భయం లేదు. బిన్ ఖాళీ చేయగానే విండోస్ ఆ చోట్ల మీద వెంటనే ట్రిమ్ పంపేస్తుంది. త్వరగా జరిగే క్విక్ ఫార్మాట్ కూడా మొత్తం డ్రైవుకు ట్రిమ్ పంపుతుంది. ఒకప్పుడు "క్విక్ ఫార్మాటే కదా, డేటా ఎక్కడికీ పోదు" అనేవాళ్లు. ఆ మాట హార్డ్ డిస్కుకు సరిపోయింది, ఎస్ఎస్‌డీకి సరిపోదు.

ఉబుంటు లాంటి లైనక్స్‌లలో కొంచెం వ్యవధి దొరకొచ్చు. అవి మామూలుగా డిలీట్ చేసిన ప్రతిసారీ కాకుండా వారానికోసారి మొత్తం కలిపి ట్రిమ్ చేస్తాయి. పొరపాటు తెలిసిన వెంటనే కంప్యూటర్ ఆపేసి, ఇంకో కంప్యూటర్ సాయంతో వెతికితే దొరికే వీలుంది. ఆలస్యమైతే ఆ వారపు పని వంతు వచ్చేస్తుంది.

యూఎస్‌బీ డబ్బాలోని ఎస్ఎస్‌డీలోనో, పాత హార్డ్ డిస్కులోనో జరిగితే మాత్రం వెంటనే వాడటం ఆపి రికవరీకి ఇవ్వడంలో అర్థం ఉంది. పొద్దున లోపం అనుకున్నదే సాయంత్రం మేలైంది అన్నట్టు, ట్రిమ్‌ను మింగేసిన ఆ దుబాసీయే ఇక్కడ ఫొటోలను కాపాడుతుంది. షాపుకు వెళ్లేటప్పుడు డిస్కు రకం ఏమిటో, లోపల వాడారా డబ్బాలో వాడారా, డిలీట్ చేశాక ఏమైనా కాపీ చేశారా, ఈ మూడూ చెబితే అక్కడి వాళ్లు డబ్బు తీసుకునే ముందే వచ్చే అవకాశం ఎంతో చెప్పగలరు. లోపలి ఎస్ఎస్‌డీలో ట్రిమ్ పడిన ఫైళ్లకు కూడా "గ్యారంటీ, ముందు సగం కట్టండి" అంటే రెండోసారి ఆలోచించాలి.

డిస్కును అమ్మేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. పాత లాప్‌టాప్‌ను సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతూ, ఆధార్ కాపీలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు డిలీట్ చేశాం కదా అని వదిలేస్తారు. ట్రిమ్ అందని డిస్కులో అవన్నీ గోడౌన్‌లో అలాగే ఉంటాయి. కొన్నవాడు ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ర్యాకులు వెతికితే చాలు. విండోస్ సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ'లోకి వెళ్లి, 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, లోపల 'క్లీన్ డేటా' అనే స్విచ్ కూడా ఆన్ చేయాలి. ఆ స్విచ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. డబ్బాలో వాడిన ఎస్ఎస్‌డీ అమ్మాలనుకుంటే, దాన్ని డబ్బాలోంచి తీసి ఒకసారి నేరుగా కంప్యూటర్ లోపల బిగించి, డిస్కు కంపెనీ ఇచ్చే టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ చేయించడం మేలు. ఆ ఆదేశాన్ని కూడా డబ్బాలోని దుబాసీ దాటనివ్వకపోవచ్చు.